పులికాట్ ఒడ్డున పుట్టిన పతాక శీర్షికలు

2014 సెప్టెంబరు 24న ట్విటర్‌లో 'మార్స్ ఆర్బిటర్' పేరుతో ఒక ఖాతా మొదలైంది. దాని తొలి పలుకు ఒక పొడుపుకథ. ఎర్రగా ఉంటుంది, అదొక గ్రహం, నేను దాని చుట్టూనే తిరుగుతున్నాను, ఏమిటది? ఆ ఉదయమే అంగారకుడి కక్ష్యలోకి చేరిన మంగళయాన్ తానే నోరు విప్పినట్టు ఇస్రో రాయించిన వాక్యమది. నాసా వారి క్యూరియాసిటీ రోవర్ ఖాతా 'నమస్తే' అని పలకరిస్తే, అప్పుడప్పుడూ మాట్లాడుతూ ఉండు, నేనిక్కడే ఉంటానని చనువుగా బదులిచ్చింది. రాకెట్ వార్త అంటే బరువులు, దశలు, సెకన్ల లెక్క అనుకునే జనం ఆ రెండు ముక్కలు చదివి నవ్వుకున్నారు, తెలిసినవాళ్లకు పంపుకున్నారు.

మంగళయాన్ బయలుదేరింది 2013 నవంబరు 5న, శ్రీహరికోట నుంచి. సూళ్లూరుపేటలో బస్సెక్కి పులికాట్ సరస్సు మధ్య నుంచి వేసిన రోడ్డు మీద వెళితే ఆ దీవి వస్తుంది. ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. దీనికీ బంగాళాఖాతానికీ మధ్య అడ్డుకట్టగా నిలిచింది శ్రీహరికోట. అక్కడి అంతరిక్ష కేంద్రానికి 2002లో సతీశ్ ధావన్ పేరు పెట్టినా, ఈ చుట్టుపక్కల వాళ్ల నోట అది ఇప్పటికీ 'షార్'. తెలుగులో ఇంత చిన్న ప్రాంతం నుంచి ఇన్ని పతాక శీర్షికలు వెలువడిన చోటు మరొకటి ఉండదేమో. చదువరి కంటిని పట్టి ఆపే ఒక్క వాక్యం తెలుగులో ఎలా తయారవుతూ వచ్చిందో చూడడానికి ఇంతకన్నా మంచి గట్టు దొరకదు.

కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసు నుంచి దినపత్రిక అయింది. 1938లో ఆంధ్రప్రభ కూడా మద్రాసులోనే పుట్టింది. మద్రాసు నుంచి ఉత్తరానికి వచ్చే రైలు దారిలో తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట వరసగా తగులుతాయి. సూళ్లూరుపేటకు అటునుంచి సుమారు 80 కిలోమీటర్లే. వార్తలు మాత్రం ఏజెన్సీల నుంచి ఇంగ్లిషులో వచ్చేవి. రాత్రికి రాత్రి తెలుగు చేసి, పైన ఒక పేరు పెట్టి అచ్చుకు పంపాలి. ఆనాటి శీర్షికలు చాలావరకు గ్రాంథికంలో, విషయసూచికలోని వరసల్లా నెమ్మదిగా ఉండేవి. ఎవరు ఎక్కడ ఏ ఉపన్యాసం ఇచ్చారో చెప్పేవి, అంతకుమించి పిలిచేవి కావు.

దానికి భాష ఒక్కటే కారణం కాదు. తెలుగు అక్షరానికి తల మీద గుడి ఉంటుంది, కాళ్ల కింద ఒత్తు ఉంటుంది. సీసపు అచ్చుల కాలంలో పెద్ద సైజు శీర్షిక పేర్చాలంటే వరసకూ వరసకూ మధ్య చోటు బాగా వదలాలి. హెడ్డింగు రెండు వరసలైతే కింద వార్త తగ్గించుకోవాల్సిందే. కంపోజిటర్ చేతిలో ఉన్న అచ్చులు, కాలమ్ వెడల్పు కలిసి మాటల సంఖ్యను నిర్ణయించేవి. మాట కుదిరిందా లేదా అన్నది సబ్ ఎడిటర్ బల్ల మీద కన్నా కంపోజింగ్ గదిలోనే ముందు తేలేది. తాపీ ధర్మారావు 'జనవాణి'లో వాడుక భాషకు దారి చేశారు. నార్ల వెంకటేశ్వరరావు ఆంధ్రప్రభలో, 1960 నుంచి ఆంధ్రజ్యోతిలో పొట్టి వాక్యానికి పదును పెట్టారు. సంపాదకీయం మారాక శీర్షిక కూడా మారక తప్పలేదు.

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలయ్యాక ఈ పని పూర్తిగా వేరే విద్య అయింది. ఇంట్లో మాట్లాడుకునే మాట, సామెత తునక, సినిమా పేరులోని చమత్కారం మొదటి పేజీకి ఎక్కాయి. ఆ మాటలకు ఎంత బలముందో 1983 మార్చిలో తెలిసొచ్చింది. శాసనమండలిలో జరిగిన రభస వార్తకు ఈనాడు 'పెద్దల గలభా' అని పేరు పెట్టింది. ఉన్నవి రెండే మాటలు. మండలిని జనం పెద్దల సభ అంటారు కాబట్టి మొదటి మాట గౌరవంగానే నిలబడింది, రెండోది దాన్ని పడగొట్టింది. సభా హక్కులకు భంగం కలిగిందని మండలి తీర్మానించి, పత్రిక సంపాదకుడు రామోజీరావు సభకు వచ్చి మందలింపు వినాలంది. 1984 మార్చిలో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. సంపాదకుడిని తెచ్చి నిలబెట్టమని పోలీసు కమిషనర్‌కు మండలి ఆదేశమిచ్చింది, అరెస్టు చేయవద్దని కోర్టు చెప్పింది. చివరికి సభను ప్రొరోగ్ చేయడంతో ఆ ఘర్షణ ఆగింది. మరుసటి ఏడాది మండలే రద్దయింది. రెండు మాటల హెడ్డింగు చట్టసభనూ న్యాయస్థానాన్నీ ఎదురెదురుగా నిలబెట్టిన సందర్భాన్ని జర్నలిజం చదివే ప్రతి తెలుగు విద్యార్థికీ మొదటి పాఠంగా చెప్పాలి.

1982లో ఈనాడు తిరుపతికి వచ్చింది. ఆ దశాబ్దం చివర జిల్లా పేజీలు మొదలయ్యాయి. మండలానికొక విలేకరి, ప్రతి ఊరికీ ఒక డేట్‌లైన్. సూళ్లూరుపేటలో చెరువు కట్ట తెగినా, తడలో లారీ బోల్తా పడినా మర్నాటికి పేరున్న వార్త అయ్యేది. చిన్న ఊరి వార్తకు పెద్ద అక్షరాలు దొరకడం అదే మొదలు.

అప్పట్లో పులికాట్ ఉత్తర తీరమంతా నెల్లూరు జిల్లా. సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వచ్చింది 2022 ఏప్రిల్‌లోనే. ఆ నెల్లూరులోనే 1990ల మొదట్లో తెలుగు శీర్షికల చరిత్రలో అన్నిటికన్నా గొప్పదనదగ్గది పుట్టింది. అది పత్రికలో కాదు, అక్షరాస్యత ఉద్యమం వయోజనుల కోసం వేసిన వాచకంలో. పాఠం పేరు 'ఆడవాళ్లు ఏకమైతే'. దూబగుంట అనే ఊళ్లో ఆడవాళ్లు కలిసి సారా దుకాణం మూయించిన కథ అది. పేరు సగంలో ఆగింది. ఏకమైతే ఏమవుతుందో తెలియాలంటే అప్పుడే అక్షరాలు నేర్చిన మనిషి కూడబలుక్కుంటూ లోపలికి వెళ్లాలి. వెళితే జవాబు ఉంది. పక్క జిల్లా సంగతి కాదు, పక్క మండలంలో మనలాంటివాళ్లు చేసిన పని ఉంది. చదివిన ఊళ్లలో ఆడవాళ్లు లేచి సారా వేలంపాటలకు అడ్డుపడ్డారు. ఈనాడు 'సారాపై సమరం' పేరుతో రోజూ ఒక పేజీ కేటాయించింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం. ఉద్యమాన్ని నడిపింది ఆ ఆడవాళ్ల తెగువే. అయినా ఒక అసంపూర్ణ వాక్యం వాళ్లను పుస్తకం తెరిపించింది, తెరిచిన పుస్తకం వాళ్లను మోసం చేయలేదు.

ఇరవై ఏళ్ల తర్వాత అమెరికాలో అదే కిటుకును కొలతలతో సహా పరిశ్రమగా మార్చారు. 2012లో మొదలైన అప్‌వర్తీ అనే వెబ్‌సైట్ ఒక్కో కథనానికి 25 శీర్షికలు రాయించి, కొన్నిటిని పాఠకుల మీద పరీక్షించి, ఎక్కువమంది నొక్కినదాన్ని ఉంచేది. వాక్యాన్ని సగంలో ఆపడం ప్రపంచమంతా పాకింది. 2016 ఆగస్టులో ఫేస్‌బుక్, అసలు సంగతి దాచే శీర్షికలను, అతి చేసి తప్పుదారి పట్టించే శీర్షికలను వెనక్కి నెడతామని ప్రకటించింది. తెలుగులో ఆ ఊపు తగ్గలేదు. 'చివరికి ఏం జరిగిందంటే', 'చూస్తే షాకవుతారు', 'అసలు నిజం ఇదే' అనే మూడు తునకలు యూట్యూబ్ థంబ్‌నెయిళ్ల మీద ఎర్ర బాణాలతో సహా నిత్యం కనిపిస్తూనే ఉన్నాయి. వీటికీ 'ఆడవాళ్లు ఏకమైతే'కూ వాక్యం కట్టుబడిలో తేడా చాలా తక్కువ. తేడా అంతా తలుపు అవతల ఉన్నదానిలో.

రాకెట్ శీర్షికలది మరో కథ. 1979 ఆగస్టు 10న మొదటి ఎస్‌ఎల్‌వీ-3 సముద్రంలో పడింది. 1980 జులై 18న రెండోది 35 కిలోల రోహిణిని కక్ష్యలో పెట్టింది. ఆ తర్వాత ప్రయోగాలు పెరిగేకొద్దీ మాటలు అరిగాయి. 'నింగికెగసిన', 'నిప్పులు చిమ్ముతూ', 'కౌంట్‌డౌన్ షురూ' అన్న ముక్కల్ని తేదీ మార్చి వాడుకోవచ్చు. మంగళయాన్ పొడుపుకథ అంత తాజాగా అనిపించడానికి ఈ అరుగుదలే కారణం. 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 దిగినప్పుడూ ఇస్రో ఆ దారినే పట్టింది. భారతదేశమా, నేను గమ్యం చేరాను, నువ్వూ చేరావు అని ల్యాండర్ చేత చెప్పించింది. ఆ సమయానికి యూట్యూబ్ ప్రత్యక్ష ప్రసారాన్ని ఒకేసారి 80 లక్షల మందికి పైగా చూస్తున్నారు. ల్యాండర్ పలికిన ఆ వాక్యంలో దాచిందేమీ లేదు, మొత్తం సంగతి అందులోనే ఉంది.

రాకెట్ లేని రోజున పులికాట్‌కు దొరికేది పక్షుల శీర్షిక. శీతాకాలం రాగానే 'విదేశీ అతిథులొచ్చాయి' అని ఫోన్లలో పోస్టులు మొదలవుతాయి, సైబీరియా పేరు తప్పకుండా ఉంటుంది. దూరదేశాల నుంచి వచ్చే బాతులున్న మాట నిజమే. కానీ ఆ పోస్టుల మీద బొమ్మలో కనిపించే ఫ్లెమింగోలు మన దేశంలోనే కచ్ రణ్‌లో గూళ్లు పెడతాయి. సరస్సుకు దగ్గర్లోని నేలపట్టు పక్షుల కేంద్రంలో నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచే గూడబాతులు మన గడ్డ మీద పుట్టినవే. పుట్టింటికి వచ్చిన పక్షిని అతిథి అంటే ఎక్కువమంది నొక్కుతారు కాబట్టి ఆ తప్పు ఏటా తిరిగి వస్తోంది.

ఇంతకన్నా పెద్ద నష్టం శీర్షికే దొరకని వార్తది. సముద్రపు నీరు సరస్సులోకి వచ్చే ముఖద్వారాలు ఇసుకతో పూడుతున్నాయి. పోటు నీరు రాకపోతే రొయ్య పిల్లా చేప పిల్లా లోపలికి రావు, ఎండాకాలానికి నీరు ఇంకి నేల బయటపడుతుంది. వల మీద బతికే ఊళ్లు పూడిక తీయమని ఏళ్లుగా అడుగుతున్నాయి. ఆ వార్త 'మత్స్యకారుల వినతి' అనే పేరుతో లోపలి పేజీలో ఒక మూలన పడుతోంది. ఫోన్ తెర మీదికైతే అసలు రాదు. 'పులికాట్‌కు సముద్రం రావడం లేదు' అని పెట్టి చూడండి. నాలుగే మాటలు, ఒక్కటీ అబద్ధం కాదు.