గ్రామఫోను నుండి పాడ్‌కాస్టు వరకు

నోట వెడలిన మాట గాలిలో కలిసిపోవునని పెద్దలందురు. 1877 వరకు ఇది అక్షరాల నిజము. ఆ సంవత్సరమున ఎడిసన్, తిరుగుచున్న తగరపు రేకుపై సూదిచే ధ్వని కంపనములను గీయించి, అదే గీతపై సూదిని మరల నడిపి మాటను తిరిగి వినిపించెను. పది సంవత్సరముల పిమ్మట బెర్లినర్ బల్లపరుపు పళ్లెముపై గీత గీయు గ్రామఫోనును నిర్మించెను. 1902లో గ్రామఫోను కంపెనీవారు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మొదలగువారి పాటలు ముద్రించిరి. పది అంగుళముల రికార్డు ఒక వైపున సుమారు 3 నిమిషముల పాటయే పట్టును. గంటల కొలది రాగమాలపించు విద్వాంసులు సైతము తమ విద్యను ఆ 3 నిమిషములలో ఇముడ్చుకొనవలసి వచ్చెను.

విద్య ఇచట, యంత్రమచట

మన విజయనగరములో 1919లో సంగీత కళాశాల వెలసినది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అచట వయొలిన్ నేర్పి, పిమ్మట అధ్యక్షులైరి. ఘంటసాల, సుశీలగారలు ఆ ఊరిలో సంగీతము నేర్చినవారే. కాని ఆ కంఠములను దేశమునకు వినిపించు మైక్రోఫోను మద్రాసులో ఉండెను. కనుక వారు మద్రాసు వెళ్లిరి. వెళ్లలేనివారి కంఠములెన్ని మూగవోయెనో లెక్క లేదు.

శ్రీకాకుళము ప్రాంతమున పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తిగారు సవరల నడుమ తిరిగి వారి భాష నేర్చి, దానిని ధ్వని గుర్తులతో కాగితముపై నిలిపిరి. 1931లో వారి సవర వ్యాకరణము, 1938లో నిఘంటువు వెలువడినవి. చెవి, కలము, ఓర్పు, ఇవియే వారి ముఖ్య సాధనములు.

రేడియో

1924లో కృష్ణస్వామి చెట్టిగారి చొరవతో మద్రాసులో ఒక రేడియో క్లబ్బు ఏర్పడి, ప్రసారములు ఆరంభించినది. ధనాభావముచే 1927లో మూతపడినది. వినువారున్నను ఖర్చు భరించువారు లేకున్న ప్రసారము నిలువదని ఈ చరిత్ర తెలుపుచున్నది. 1938లో ఆకాశవాణి మద్రాసు కేంద్రము, 1948లో విజయవాడ, 1963లో విశాఖపట్టణ కేంద్రములు ప్రారంభమైనవి. మైక్రోఫోను మనకు దగ్గరైనది. అయినను ఒక కేంద్రమునకు తరంగములు పరిమితము, కాలము పరిమితము. ఎవరు మాటలాడవలెనో ఒకరు ఎంపిక చేయక తప్పదు.

పాడ్‌కాస్టు

ఈ పరిమితిని తొలగించినది పాడ్‌కాస్టు. ఇందు ధ్వని, అంకెల రూపమున ఒక ఫైలుగా ఇంటర్నెట్టులో నిలిచియుండును. శ్రోత తనకు తీరికైనపుడు వినును. క్రొత్త భాగము వెలువడినదని శ్రోత యంత్రమునకు తెలుపు జాబితాలో ధ్వని ఫైలును జతచేయు పద్ధతిని 2001 నాటికి డేవ్ వైనర్ రూపొందించెను. 2004లో బెన్ హామర్‌స్లీ వ్రాసిన పత్రికా వ్యాసములో ఈ పేరు కనబడినది. 2005లో యాపిల్ కంపెనీ తన ఐట్యూన్స్‌లో దీనికి చోటిచ్చినది.

ఫైలు చిన్నదగుటయే ఇందలి కీలకము. సి.డి.పై సెకనుకు 14,11,200 బిట్లు పట్టును: 44,100 నమూనాలు, ఒక్కొక్కటి 16 బిట్లు, రెండు చానెళ్లు. చెవి గుర్తింపని అంశములను విడిచిపెట్టు ఎం.పి.3 పద్ధతిలో ఒక్క కంఠమునకు సెకనుకు 64,000 బిట్లు చాలును. అనగా అరగంట ప్రసంగము 14.4 మెగాబైట్లలో ఇముడును, సి.డి. పద్ధతిలో అదియే 317 మెగాబైట్లు దాటును.

కాలిఫోర్నియా నుండి కిరణ్‌ప్రభగారు సాహిత్య ప్రసంగములు, హర్షణీయం వారు తెలుగు కథలు వినిపించుచున్నారు. మార్గము సుళువైనకొలది వక్తల సంఖ్య పెరిగినది. శ్రోతకు మాత్రము రోజునకు 24 గంటలే. ప్రకటనల సొమ్ము శ్రోతలు హెచ్చుగా నున్నచోటికే పోవును. కనుక దీనిని వెంటనే జీవనోపాధిగా తలచుట తొందరపాటు. ఉచితముగా నడచు వేదికలు నిలుచునను నమ్మకమును లేదు. గూగుల్ పాడ్‌కాస్ట్స్ 2024లో మూతపడినది. 1927 నాటి పాఠము మారలేదు.

ఆరంభించువారికి

మైక్రోఫోనును నోటికి జానెడు దూరమున, కొంచెము ప్రక్కగా నుంచుడు. దూరము సగమైనచో ధ్వని తీవ్రత నాలుగు రెట్లగును. గది రొద మాత్రము పెరుగదు. ఉత్త గోడలు ధ్వనిని త్రిప్పి కొట్టును. మా ప్రయోగశాలలో వినబడిన ప్రతిధ్వని, చుట్టును నాలుగు బొంతలు వ్రేలాడదీయగనే అణగినది. తరగతిలో విద్యార్థులచే ఈ రెండు ప్రయోగములు చేయింపవచ్చును. మొదట ఐదారు భాగములు సిద్ధపరచుకొని, పిమ్మట క్రమము తప్పక వెలువరింపుడు. మూలప్రతిని రెండుచోట్ల భద్రపరచి, మాటలాడినవారి అనుమతి, ఊరు, తేదీ వ్రాసి ఉంచుడు.

ఇక ఏమి మాటలాడవలెను? ఇతరులు చేయలేని పని మనకొకటి కలదు. సీతంపేట కొండలలో సవర కథలు చెప్పు వృద్ధులు, కళింగాంధ్ర యాసలో పొలము పనుల మాటలు పలుకు అవ్వలు మన విద్యార్థుల ఇండ్లలోనే ఉన్నారు. వ్రాతలో యాస కొంత జారిపోవును, ధ్వనిలో నిలుచును. రామమూర్తిగారు కలముతో ఏండ్ల తరబడి చేసిన పనిలో కొంతభాగమునకు నేడు జేబులోని ఫోను చాలును. అవ్వ చెప్పుచుండగానే దానిని తీయవలెను.