కీళ్ళవాతమునకు కొలబద్ద

రాజోలు పల్లెలలో కీళ్ళవాతము పట్టిన ముసలమ్మను నొప్పి యెంత యని యడిగినచో అంకె చెప్పదు. “కోరాము ముందు కూర్చుంటే లేవలేకపోతన్నాను బాబూ, కొబ్బరిచిప్ప చేతిలో నిలవట్లేదు” అనును. ఇట్టి పలుకు వైద్యశాస్త్రమున కొలతగా చెల్లుటకు అర్ధశతాబ్దము పట్టినది.

1948లో అమెరికాలో హెంచ్ పండితుడు ఈ వ్యాధికి కార్టిసోన్ అను మందును ప్రయోగించినపుడు, మంచము పట్టిన రోగి దినములలో లేచి నడచుటచే, కొలబద్ద యక్కర లేకయే ఫలము కన్నులకు కట్టినది. దుష్ఫలములు పిమ్మట బయటపడినవి. మెల్లమెల్లగా గుణమిచ్చు మందులకే కొలబద్ద కావలసివచ్చెను. 1968లో గ్లాస్గో నగరమున రిచీ ప్రభృతులు కీళ్ళను నొక్కి చూచి, నొప్పి యన్నచో 1, మొగము ముడిచినచో 2, అవయవమును వెనుకకు లాగుకొన్నచో 3 అని లెక్కించిరి. మొరటు పద్ధతియే గాని, రోగి ముఖకవళికకు అంకె దక్కినది.

అట్టి మందులలో నొకదాని కథ రాజోలు చేరువదే. వశిష్ఠ గోదావరి దాటిన పిమ్మట వచ్చు భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణమున లెడర్లీ పరిశోధనాలయములో వెలసిన మందగు అమినోప్టెరిన్‌ను గబ్నర్ అను వైద్యుడు 1951లోనే ఈ వ్యాధికి వాడి గుణము చూచెను. కార్టిసోన్ మోజులో దానిని పట్టించుకొన్నవారు అరుదు. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేట్ 1985 నాటి నియంత్రిత పరీక్షలలో నెగ్గి, 1988లో అమెరికా ప్రభుత్వామోదము పొందెను. సుబ్బారావుగారు అప్పటికి నలువదేండ్ల క్రితమే కన్నుమూసిరి.

ఇట్టి మందుల పరీక్షలలో ఒక పరీక్షకుడు వాచిన కీళ్ళను, మరియొకడు పిడికిలి బలమును, వేరొకడు వేకువ కీళ్ళు బిగుసుకొనియుండు వేళను లెక్కించుచుండగా, ఏ మందు మేలో తేల్చుట దుస్సాధ్యమాయెను. 1992లో నెదర్లాండ్సులోని మాస్ట్రిక్ట్ నగరమున కూడిన కీళ్ళవాత నిపుణుల ఒమెరాక్ట్ సభ ఈ గందరగోళమును తీర్ప బూనుకొనగా, నొక్కిన నొచ్చు కీళ్ళు, వాచిన కీళ్ళు, నొప్పి, రోగి యభిప్రాయము, వైద్యుని యభిప్రాయము, పనిపాటల శక్తి, రక్తములోని వాపు సూచిక, ఈ 7 ప్రతి పరీక్షయందును కొలువవలెనని అంగీకారము కుదిరెను. వీనిలో మూడు రోగి నోటిమాటలే యగుట గమనింపదగినది. 1995లో అమెరికా వైద్యులు, కీళ్ళ లెక్కలు రెండును, తక్కిన అయిదింట మూడును 20 శాతము మెరుగుపడిననే గుణమని నిర్ణయించిరి. అయినను, 2002లో ఆస్ట్రేలియాలో కూడిన ఒమెరాక్ట్ సభకు రోగులే వచ్చి చెప్పువరకు, అలసటకు పండితుల పట్టికలో చోటు లేకుండెను.

పనిపాటల శక్తిని కొలుచు ప్రశ్నావళి 1980లో స్టాన్‌ఫర్డున పుట్టినది. చేతులు లేని కుర్చీనుండి లేవగలరా, తొట్టిలో స్నానము చేయగలరా యని యడుగును. అమలాపురమున తొట్టి యెందరి యిండ్ల నున్నది? 2002లో భారతీయ వైద్యులు దానిని 12 ప్రశ్నలుగా మలచి, గొంతుకూర్చుండుటను, బాసింపట్టు వేసికొనుటను చేర్చిరి. కోరాము మాత్రము ఆ పండ్రెండింట లేదు.