సీబీ రేడియో కథ: వాట్లు పెరిగితే వేడి ఎవరు మోయాలి?

ఈ ఎపిసోడ్‌లో అమెరికా లారీ డ్రైవర్ల వల్ల ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న సీబీ రేడియో గురించి మాట్లాడుకుందాం. సీబీ అంటే సిటిజన్స్ బ్యాండ్. పరీక్షలు రాయకుండా మామూలు మనిషి వాడుకోగలిగే రేడియో. దీని చరిత్ర అనగానే పాటలు, సినిమాలు, డ్రైవర్లు పెట్టుకున్న ముద్దుపేర్లు చెబుతారు. మనం మాత్రం రేడియో వెనకవైపు చెయ్యి పెట్టి చూద్దాం. అక్కడ వేడిగా ఉంటుంది. ఆ వేడికీ ఒక చరిత్ర ఉంది.

ముందు పుట్టుక సంగతి. 1945లో అమెరికా కమ్యూనికేషన్స్ కమిషన్, అంటే ఎఫ్‌సీసీ, పౌరుల కోసం ఒక రేడియో సర్వీసు పెట్టాలని నిర్ణయించింది. మొదట ఇచ్చిన ఫ్రీక్వెన్సీలు 460 మెగాహెర్ట్జ్ దగ్గర. అప్పటి టెక్నాలజీతో అక్కడ సెట్లు చేయడం కష్టం, ఖర్చు ఎక్కువ. 1958లో 27 మెగాహెర్ట్జ్ దగ్గర 23 ఛానళ్ళు ఇచ్చాక అసలు కథ మొదలైంది.

అప్పటి నిబంధన ఒకటి గమనించండి. రేడియో చివరి దశలోకి వెళ్ళే కరెంటు 5 వాట్లు దాటకూడదు అన్నారు. అంటే కొలత లోపలికి పోయే పవర్‌కి, బయటకు వచ్చే పవర్‌కి కాదు. దీనివల్ల ఏమైందంటే, ఆ 5 వాట్లలో వేడిగా పోయే ప్రతి వాటూ మీ మాట నుంచి కోసుకున్నదే. సగం వేడిగా పోతే రెండున్నర వాట్లే గాల్లోకి వెళ్తుంది. అదే తెలివిగా డిజైన్ చేస్తే మూడున్నర దాకా వస్తుంది. రూలే ఇంజనీరు చేత పొదుపు చేయించింది అన్నమాట. అయితే ఆ పొదుపు చివరి దశ వరకే. మొత్తం సెట్టు చూస్తే వాక్యూమ్ ట్యూబుల ఫిలమెంట్లు, హై వోల్టేజి తయారుచేసే వైబ్రేటరు కలిపి, గాల్లోకి పోయేదానికి పది రెట్లకు పైగా బ్యాటరీ నుంచి లాగేవి.

ట్రాన్సిస్టర్లు వచ్చాక ఆ బాధ తీరింది. తర్వాత రూలు కూడా మారింది. ఇప్పుడు ఏఎమ్‌లో బయటకు వచ్చే క్యారియర్ 4 వాట్లు, సింగిల్ సైడ్ బ్యాండ్‌లో పీక్ 12 వాట్లు. ఇక్కడ ఒక మెలిక ఉంది. బయట కొలిస్తే లోపల ఎంత వేడి పుట్టినా చట్టం అడగదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే జనం విరగబడ్డారు. 1973 చమురు సంక్షోభం, 1974లో దేశమంతా గంటకు 55 మైళ్ళ స్పీడు పరిమితి. డీజిల్ ఏ బంకులో దొరుకుతుంది, పోలీసు ఎక్కడ కాపు కాశాడు అని చెప్పుకోవడానికి డ్రైవర్లకి సీబీయే దిక్కయింది. 1975లో వచ్చిన 'కాన్వాయ్' పాటతో అది ఇంటింటికీ పాకింది. 1977 జనవరి నుంచి ఛానళ్ళు 40 చేశారు. అయినా చాలలేదు. ఒకే ఛానల్ మీద పదిమంది మాట్లాడుతుంటే మీరేం చేస్తారు? గొంతు పెంచుతారు. వాళ్ళూ అదే చేశారు. లీనియర్ అనే ఆంప్లిఫయర్ తెచ్చి తగిలించారు.

ఇక్కడ కాస్త లెక్క చూద్దాం. 4 వాట్లని 64 వాట్లు చేశామనుకోండి. 16 రెట్లు. వినేవాడి మీటరు మీద ఒక ఎస్ యూనిట్ పెరగాలంటే పవర్ 4 రెట్లు కావాలి. అంటే 16 రెట్లకి ముల్లు కదిలేది రెండు గీతలే. దూరం సంగతి? నేల మీద, తక్కువ ఎత్తు ఏంటెన్నాలతో దూరం రెట్టింపు కావాలంటే సుమారు 16 రెట్లు పవర్ కావాలి. అంటే మీరు సాధించింది రెట్టింపు దూరం.

మరి వేడి? మామూలు 4 వాట్ల సెట్టులో చివరి ట్రాన్సిస్టర్ క్లాస్ సి పద్ధతిలో పని చేస్తుంది. దాంట్లో పుట్టే వేడి దాదాపు 2 వాట్లు. ఆంప్లిఫయర్ అలా కుదరదు. ఏఎమ్ మాట వంకర పోకుండా పెద్దది చేయాలంటే క్లాస్ బి లాంటి పద్ధతి కావాలి. దానికి శిఖరం దగ్గర గరిష్ఠంగా 78 శాతం సామర్థ్యం. కానీ ఏఎమ్ క్యారియర్ ఉండేది శిఖరం వోల్టేజిలో సగం దగ్గర, అక్కడ సామర్థ్యం 39 శాతమే. 64 వాట్ల క్యారియర్‌కి కనీసం 163 వాట్లు లాగాలి, 13.8 వోల్టుల దగ్గర దాదాపు 12 ఆంపియర్లు. దాంట్లో 100 వాట్లు వేడి. 2 నుంచి 100, అంటే 50 రెట్లు! పవర్ 16 రెట్లు, వేడి 50 రెట్లు, దక్కింది రెండు గీతలు. పైగా ఏఎమ్‌లో మీరు మాట్లాడకుండా బటన్ నొక్కి కూర్చున్నా క్యారియర్ పోతూనే ఉంటుంది, వేడి పుడుతూనే ఉంటుంది.

ఆ రోజుల్లో ఇళ్ళలో పెట్టుకునే ఆంప్లిఫయర్లకి టీవీలో వాడే స్వీప్ ట్యూబులు వేసేవారు. 6ఎల్‌క్యూ6 లాంటిది 30 వాట్ల వేడి తట్టుకోవాలని తయారైంది. సింగిల్ సైడ్ బ్యాండ్‌లో మాటల మధ్య విరామం దొరుకుతుంది కాబట్టి సరిపోయేది. ఏఎమ్ క్యారియర్ పెట్టి నొక్కితే ప్లేటు ఎర్రగా కాలేది. కార్లలోకి తోషిబా 2ఎస్‌సీ2879 వచ్చింది. 12.5 వోల్టుల దగ్గర పీక్ 100 వాట్లు ఇచ్చే ట్రాన్సిస్టర్. కానీ ఈ రకం ట్రాన్సిస్టర్లకి ఒక గుణం ఉంది. వేడెక్కితే ఎక్కువ కరెంటు లాగుతాయి, దాంతో ఇంకా వేడెక్కుతాయి. బయాస్ వేడిని బట్టి తగ్గకపోతే క్షణాల్లో మాడిపోతాయి.

నష్టం ఆ బండిలోనే ఆగితే వేరే సంగతి. 27ని రెండుతో గుణిస్తే 54. అమెరికాలో టీవీ రెండో ఛానల్ మొదలయ్యేది 54 మెగాహెర్ట్జ్ దగ్గరే. నాసిరకం ఆంప్లిఫయర్ పెట్టుకున్న వాడి మాట పక్కింటి వాళ్ళ టీవీలో పడేది. 1978లో ఎఫ్‌సీసీ 24 నుంచి 35 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే ఆంప్లిఫయర్ల తయారీ, అమ్మకం నిషేధించింది. పరీక్షలు రాసి లైసెన్సు తెచ్చుకున్న హ్యామ్ ఆపరేటర్లకి కూడా 10 మీటర్ల బ్యాండ్ మీద ఆ దెబ్బ తగిలింది.

అయితే ఆశ ఊరుకోదు కదా. హ్యామ్ 10 మీటర్ల రేడియో అని పేరు పెట్టి, ఒక తీగ కత్తిరిస్తే సీబీలోకి దిగే సెట్లు వచ్చాయి. ఆంప్లిఫయర్ లోపలే ఉంటుంది. పాత ట్రాన్సిస్టర్ల తయారీ ఆగిపోయాక వాటి చోట ఐఆర్‌ఎఫ్520 లాంటి మాస్ఫెట్లు వేశారు. అవి రేడియో కోసం పుట్టినవి కావు, పవర్ సప్లైలలో స్విచ్చులుగా వాడేవి. అందులో చిప్ నుంచి లోహపు వీపుకి ఒక్కో వాటుకి 2.5 డిగ్రీల తేడా. 30 వాట్ల వేడికి 75 డిగ్రీలు. మధ్యలో ఇన్సులేటర్ రేకు వాటుకి ఒక డిగ్రీ తింటే ఇంకో 30. ఎండలో నిలబడ్డ లారీలో హీట్‌సింక్ 60 డిగ్రీలు ఉంటే చిప్ 165. దాని హద్దు 175! అందుకే ఈ సెట్లకి వెనక అంత పెద్ద అల్యూమినియం, ఫ్యాను.

ఇంకో ఉపాయం, క్యారియర్‌ని ఒకటి రెండు వాట్లకి తగ్గించి మాటతో ఒక్కసారి ఎగరేయడం. వేడి నిజంగానే తగ్గుతుంది. కానీ శ్రుతి మించితే మాట చిట్లి పక్క ఛానళ్ళ మీద చిందుతుంది. మన వేడి తగ్గించుకుని పక్కవాళ్ళ నెత్తిన రొద పెట్టడమే అది.

ఇలా పవర్ మాత్రమే పెంచిన వాణ్ణి సీబీ వాళ్ళు మొసలి అంటారు. నోరంతా ఉంది, చెవులే లేవు అని. ఎందుకంటే ఆంప్లిఫయర్ పంపడానికే గాని వినడానికి పనికిరాదు. ఏంటెన్నా అలా కాదు. 27 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగం దాదాపు 2.75 మీటర్లు. అంత పొడవు ఏంటెన్నా సరిగ్గా బిగిస్తే పంపడమూ బాగుంటుంది, వినడమూ బాగుంటుంది. ఒక్క వాటు వేడి అదనంగా పుట్టదు.

2021లో ఎఫ్‌సీసీ సీబీలో ఎఫ్ఎమ్‌ని కూడా అనుమతించింది. పరిమితి మాత్రం అదే 4 వాట్లు. మన దేశంలో కూడా 2005 నుంచి 27 మెగాహెర్ట్జ్ దగ్గర ఈ బ్యాండ్‌ని లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు, గరిష్ఠంగా 5 వాట్లు. ఇన్నేళ్ళు గడిచినా ఆ అంకె పెద్దగా పెరగలేదు. చాలామంది దాన్ని సర్కారు పిసినారితనం అనుకుంటారు. లెక్క చూశారు కదా. నలుగురూ ఒకే గదిలో మాట్లాడుకోవాలంటే ఎవరూ అరవకూడదు. అందరూ 64 వాట్లు పెడితే ఎవరి మాటా ఇంకొకరి మాట కంటే పైకి రాదు, అందరి రేడియోలూ కాలతాయి, అంతే.