కాలు జారినా, నోరు జారినా...

మొన్న మా పిన్ని పెరట్లో నూతిగట్టు మీద పాచిలో కాలేసి జర్రున జారింది. అదృష్టం, మడమ బెణకడంతో సరిపోయింది. "గట్టు తోమించి ఎన్నాళ్ళయిందే?" అంది. తప్పు నాదే. ఒప్పుకుంటే నేనెందుకవుతాను? "ఈ వయసులో నిన్నెవరు నూతి దగ్గరికి వెళ్ళమన్నారు?" అనేశాను. పిన్ని మరి మాట్లాడలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అన్నారా!

ఆ రాత్రి నిద్రపట్టక నిఘంటువులు ముందేసుకు కూర్చున్నాను.

'జారు' అచ్చంగా మన మాటే. కన్నడం వాళ్ళకీ ఉంది. మన జారుడుబండ వాళ్ళకి జారుబండె. ఈ ఒక్క మాటచేత మనం ఎంత చాకిరీ చేయిస్తామో చూడండి! పట్టుచీర కుచ్చెళ్ళు జారతాయి. జుట్టుకి జారుముడి వేస్తాం. గారెల పిండి జారైతే నూనె తాగేస్తుంది. అర్ధరాత్రి ఫోను మోగితే గుండె జారుతుంది. కృష్ణుణ్ణి జారచోరుడంటారే, ఆ 'జార' మాత్రం వేరు. అది సంస్కృతం. ప్రియుడని, విటుడని అర్థం. దానికి 'డు' చేరిస్తే అదీ జారుడే! నిఘంటువులో రెండూ ఇరుగుపొరుగులే గాని చుట్టరికం లేదు.

నన్ను కట్టిపడేసింది 'స్నేహం'. సంస్కృతంలో దానికి నూనె, జిడ్డు అనీ అర్థమే, ప్రేమ అనీ అర్థమే. నున్నగా జిడ్డుగా ఉన్నది స్నిగ్ధం. ఆయుర్వేదంలో ఒంటికి నూనె, నెయ్యి పట్టించే చికిత్స స్నేహనం. ఈ స్నేహమే ప్రాకృతంలో 'ణేహ' అయి, మన దగ్గర 'నెయ్యం' అయింది. 1852లో అచ్చయిన బ్రౌను నిఘంటువులోనూ నెయ్యం ఉంది. 'నెయ్యి' దీని తోబుట్టువే అనుకున్నాను సుమండీ! కాదట. అది ద్రావిడ భాషల సొత్తు, తమిళులకీ 'నెయ్'.

ఎంత చిత్రం! 'స్నిహ్' అనే ధాతువుకి అంటుకోవడమనీ అర్థముంది. కాలి కింద పడితే జార్చేదీ నూనే, మనిషిని మనిషికి అంటించే మాటా నూనె పేరే.

తెల్లారి ఇటికరాయి పట్టుకుని గట్టు నేనే తోమాను. తరువాత నువ్వులనూనె వెచ్చచేసి, పిన్ని మడమకి మెల్లగా రాస్తూ, "తప్పు నాదే పిన్నీ" అన్నాను.

పిన్ని కాసేపు మాట్లాడలేదు. "నూనె చేత్తో నేల ముట్టుకోకు. ఈసారి నువ్వు పడతావు" అంది.

హమ్మయ్య, మాట కలిసింది!