బడిలో ఏమేం చెప్పేవారు? అమెరికా హైస్కూలు, మన గంజాం హైస్కూలు

ఒక బడి చరిత్ర రాయమంటే చాలామంది ఎప్పుడు కట్టారు, స్థలం ఎవరిచ్చారు, మొదటి హెడ్మాస్టరు ఎవరు అని రాస్తారు. అవి కావలసినవే. కానీ నాకు ఇంకో ప్రశ్న ముఖ్యం అనిపిస్తుంది. ఆ బడిలో ఏమేం సబ్జెక్టులు చెప్పేవారు, ఏవి చెప్పేవారు కాదు? చెప్పని సబ్జెక్టు వల్ల పిల్లలకు ఏ దారి లేకుండా పోయింది? 1950 ప్రాంతంలో అమెరికా హైస్కూలు ఎలా ఉండేదో, ఆ పద్ధతికి మన దేశంతో, మన భంజనగర్ ఉన్న గంజాం జిల్లాతో సంబంధం ఏమిటో ఈ వ్యాసంలో రాస్తున్నాను.

మన బడిలో పిల్లలు ఒకే గదిలో కూర్చుంటారు, గంట కొట్టగానే మాస్టార్లు మారతారు. అప్పటి అమెరికా పెద్ద హైస్కూల్లో మాస్టారు తన గదిలోనే ఉండేవారు, పిల్లలే పుస్తకాలు పట్టుకుని గది మారేవారు. ఎందుకంటే ఆ బడి మన కాలేజీలాగ శాఖలుగా ఉండేది. ఇంగ్లీషు, సాంఘిక శాస్త్రం, గణితం, సైన్సు ఒక్కొక్కటీ ఒక శాఖ. విదేశీ భాషల శాఖలో లాటిన్, ఫ్రెంచి, స్పానిష్ ఉండేవి. వాణిజ్య శాఖలో టైపు, షార్ట్‌హ్యాండు, జమాఖర్చుల లెక్కలు నేర్పేవారు. చెక్కపని, ఇనపపనికి వర్క్‌షాపు ఉండేది. వంట, కుట్టుపనికి గృహవిజ్ఞాన శాఖ. ఇవి కాక సంగీతం, బొమ్మలు, వ్యాయామం. వ్యవసాయం, చేతిపనులు, గృహవిజ్ఞానం నేర్పడానికి 1917లోనే స్మిత్-హ్యూస్ చట్టం ద్వారా అక్కడి కేంద్ర ప్రభుత్వం డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. ఒక సబ్జెక్టు ఏడాది పొడుగునా చదివితే, అంటే సుమారు 120 గంటలు, ఒక యూనిట్ కింద లెక్క. కొన్ని యూనిట్లు తప్పనిసరి, మిగతావి పిల్లల ఇష్టం.

వినడానికి ఇదంతా ఎంతో బాగుంది కదా! కానీ ఆ ఇష్టం అందరికీ ఒకేలా లేదు. చాలాచోట్ల మగపిల్లలు వర్క్‌షాపుకీ, ఆడపిల్లలు వంటగదికీ వెళ్లేవారు. దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లలకు బడులే వేరు. వర్జీనియా రాష్ట్రంలో ఫార్మ్‌విల్ అనే ఊళ్లో మోటన్ హైస్కూలు అలాంటిదే. అది సుమారు 180 మందికి కట్టిన బడి. అందులో 450 మందికి పైగా చదివేవారు. గదులు చాలక తారు కాగితం కప్పిన షెడ్లు వేశారు. 1951 ఏప్రిల్ 23న బార్బరా జాన్స్ అనే 16 ఏళ్ల అమ్మాయి ముందుండి పిల్లలందరి చేత సమ్మె చేయించింది. ఆ తరవాత కేసు కోర్టుకు వెళ్లింది. 1952లో జడ్జీలు రెండు రకాల బడుల్లో సబ్జెక్టుల జాబితాలు పోల్చి చూశారు. భౌతిక శాస్త్రం, ప్రపంచ చరిత్ర, లాటిన్, పై స్థాయి టైపు, ఇలాంటివి తెల్లవాళ్ల బడిలో ఉన్నాయి, మోటన్‌లో లేవు. అయినా జాబితా సరిచేయమన్నారే గాని వేరు బడులు వద్దనలేదు. చివరికి 1954 మే 17న అమెరికా సుప్రీంకోర్టు, బ్రౌన్ కేసుతో కలిపి, జాతిని బట్టి బడులు వేరుచేయడం చెల్లదని తీర్పు ఇచ్చింది. సబ్జెక్టుల జాబితా అంటే నోటీసు బోర్డు మీద అంటించే కాగితం మాత్రమే కాదని ఈ కేసు చదివాక నాకు అర్థమైంది.

ఆ రోజుల్లోనే మన దేశంలో కూడా హైస్కూలు ఎలా ఉండాలనే ఆలోచన సాగుతోంది. 1952లో భారత ప్రభుత్వం డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన సెకండరీ విద్యా కమిషన్ వేసింది. ఆయన మద్రాసు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్. కమిషన్‌లో అమెరికా నుంచి ఒకరు, ఇంగ్లండు నుంచి ఒకరు సభ్యులుగా ఉన్నారు. 1953లో వచ్చిన నివేదిక మల్టీపర్పస్ స్కూళ్లు పెట్టమంది. వాటిలో ఏడు గ్రూపులు: మానవీయ శాస్త్రాలు, సైన్సు, సాంకేతికం, వాణిజ్యం, వ్యవసాయం, లలిత కళలు, గృహవిజ్ఞానం. ఒక గ్రూపు నుంచి మూడు సబ్జెక్టులు తీసుకోవాలి. భాషలు, సాంఘిక శాస్త్రం, గణితంతో కూడిన సామాన్య శాస్త్రం, ఒక చేతిపని అందరికీ. చూస్తే అమెరికా హైస్కూలు శాఖలే గుర్తుకొస్తాయి.

ఆలోచన మంచిదే, కానీ వర్క్‌షాపు, పొలం, ప్రయోగశాల, వాటికి తగ్గ టీచర్లు అన్నీ ఉంటేనే అది నడుస్తుంది. ఆ టీచర్ల కోసమే 1963లో మన భువనేశ్వర్‌తో సహా నాలుగు చోట్ల రీజినల్ కాలేజీలు పెట్టారు. వాటికి అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం సాయం చేసింది. ఆ తరవాత 1964-66 కొఠారీ కమిషన్ పదో తరగతి దాకా అందరూ ఒకే చదువు చదవాలంది. అందుకే ఇప్పుడు మనం పదో తరగతి అయ్యాకే గ్రూపు ఎంచుకుంటున్నాం.

మొదలియార్ నివేదికలో నన్ను ఆపేసిన మాట ఒకటి ఉంది. అందరూ చదవాల్సిన భాష గురించి "మాతృభాష లేదా ప్రాంతీయ భాష" అని రాశారు. కటకంలో ఒడియా పిల్లవాడికి ఆ రెండూ ఒకటే. గుంటూరులో తెలుగు పిల్లకీ ఒకటే. కానీ మన గంజాంలో తెలుగు పిల్లలకు అవి రెండు వేరు భాషలు. 1936 మార్చి 31 దాకా గంజాం మద్రాసు రాష్ట్రంలో ఉంది. అక్కడ తెలుగు, ఒడియా రెండూ దేశభాషలే. ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడింది. మనం ఊరు మారలేదు, ఇల్లు మారలేదు, కానీ మన భాష "లేదా"కు అవతలి పక్కకు వెళ్లింది. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యం కల్పించమంటుంది. అయితే అది ప్రాథమిక స్థాయికే. హైస్కూలుకు వచ్చేసరికి తెలుగు ఉంటుందా అనేది ఎంతమంది పిల్లలు తీసుకుంటారు, చెప్పే మాస్టారు ఉన్నారా అనే దాని మీదే ఆధారపడుతుంది. అమెరికాలోనూ ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలకు అదే భాష బడిలో "విదేశీ భాష"! 1968లో గాని వాళ్ల కోసం ద్విభాషా విద్యా చట్టం రాలేదు.

అలాగని మన బాధ ఒక్కటే చూసుకోకూడదు. అప్పటి గంజాం జిల్లాలోనే ఉన్న పర్లాకిమిడిలో చరిత్ర చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవరల భాష నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాసి, వాళ్ల పిల్లలకు బడులు పెట్టించారు. మన కంటే చిన్న భాష వాళ్లకూ బడిలో చోటు ఉండాలని ఆయన అనుకున్నారు.

మిత్రులారా! ఒడియా బాగా నేర్చుకుందాం, అది మనం ఉన్న రాష్ట్రం భాష. ఇంగ్లీషూ, సైన్సూ తప్పవు. కానీ సబ్జెక్టు ఎంచుకోమని కాగితం చేతికి ఇచ్చినప్పుడు తెలుగు ఎదురుగా ఉన్న గడిని ఖాళీగా వదిలిపెట్టవద్దు. ఆ గడి నిండితేనే మన తరవాత వచ్చే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ తెలుగు మాస్టారు ఉంటారు.