నైజాం చివరి ఊళ్ల తెర మీద కత్తి, తుపాకి, చేతబడి

తెలుగు సినిమా వ్యాపారంలో కాగజ్‌నగర్ నైజాం ఏరియా కిందికి వస్తుంది. నిజాం పాలన పోయి డెబ్బై ఏళ్లు దాటినా, తెలంగాణ జిల్లాల హక్కులకు పంపిణీదారులు వాడే పేరు ఇప్పటికీ అదే. ఆ ఏరియాకు ఉత్తరపు కొసన, కాజీపేట–బల్లార్షా రైలు మార్గం మీద ఉన్న ఊరిది. కొత్తపేట అనే పల్లె దగ్గర నిజాం కాలంలో పెట్టిన సిర్పూర్ పేపర్ మిల్లులో 1942లో కాగితం తయారీ మొదలైంది. మిల్లుతో పాటే ఊరు పెరిగింది. తెలుగువాళ్లతో పాటు మరాఠీలు, ఉత్తరాది కార్మికులు ఇక్కడ స్థిరపడ్డారు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థి కుటుంబాలకు ఈ మండలంలోనే పునరావాసం దొరికింది. చుట్టుపక్కల గూడేల్లో గోండీ, బజారులో ఉర్దూ, హిందీ వినిపిస్తాయి. ఇన్ని భాషలున్న చోట మాటల మీద ఆధారపడ్డ సినిమా కొందరికే అందుతుంది. కత్తియుద్ధం, గుర్రపు పరుగు, చీకట్లో కిర్రుమన్న తలుపు అందరికీ అర్థమవుతాయి. పోరాటాల సినిమాకు, దెయ్యం సినిమాకు ఇలాంటి ఊళ్లలో దక్కిన ఆదరణకు ఇది మొదటి కారణం.

రెండో కారణం ప్రింట్ల లెక్క. 1970లలో, 80లలో ఒక్కో సినిమాకు తీసే ప్రింట్లు తక్కువ. పెద్ద హీరో కొత్త సినిమా ముందుగా హైదరాబాద్, వరంగల్, కరీంనగర్ లాంటి చోట్ల ఆడేది. ‘బి’, ‘సి’ సెంటర్లు అనే చిన్న ఊళ్లకు ఆ ప్రింటు అరిగిన తర్వాతే చేరేది. మధ్యలో ఖాళీ పడ్డ వారాలను జానపదాలు, కౌబాయ్ సినిమాలు, డబ్బింగులు, హిందీ భూతాల కథలు నింపేవి. వెయ్యి అడుగుల రీలు తెర మీద పదకొండు నిమిషాలు నడుస్తుంది. రెండున్నర గంటల సినిమాకు పద్నాలుగు రీళ్లు కావాలి. రీలు తెగిన ప్రతిసారీ ఆపరేటర్ రెండు మూడు ఫ్రేములు కోసి అతికిస్తాడు. పది ఊళ్లు తిరిగి వచ్చిన ప్రింటులో వీరుడు ఎత్తిన కత్తి దిగకముందే శత్రువు నేల మీద పడి ఉంటాడు. చిన్న సినిమాల గురించి పెద్ద పత్రికల్లో కనిపించే ‘నాసిరకం’ అన్న మాటలో ఈ అరిగిపోయిన ప్రింట్ల వాటా ఎంతో ఉంది. మంచి ప్రింటు చూస్తే ఆ అభిప్రాయం చాలాసార్లు నిలబడదు.

తెలుగులో యాక్షన్, భయం రెండూ జానపదం కడుపున పుట్టినవే. కె.వి.రెడ్డి తీసిన ‘పాతాళ భైరవి’ 1951లో వచ్చింది. అందులో ఎస్.వి.రంగారావు వేసిన నేపాళ మాంత్రికుడు తర్వాతి మాంత్రికులందరికీ ఒరవడి దిద్దాడు. ఆ ఒరవడిని తక్కువ ఖర్చుతో ఊరూరికీ చేర్చిన దర్శకుడు బి.విఠలాచార్య (1920–1999). ఆయన కర్ణాటకలో టూరింగ్ టాకీస్ నడిపి, కన్నడ చిత్రాలు తీసి, ఆ తర్వాత మద్రాసు చేరినవాడు. డేరాలో నేల మీద కూర్చున్న మనిషి ఎక్కడ ఊపిరి బిగబడతాడో, ఎక్కడ బీడీ కోసం లేస్తాడో దగ్గరుండి చూసిన అనుభవం ఆయన సినిమాల నడకలో తెలుస్తుంది. ‘బందిపోటు’ (1963), ‘అగ్గి పిడుగు’ (1964), ‘మంగమ్మ శపథం’ (1965) ఎన్.టి.రామారావు పేరుతో నేటికీ గుర్తున్నాయి. అంతగా గుర్తు లేనివి కాంతారావుతో తీసినవి. నల్లగొండ ప్రాంతంలో కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టిన కాంతారావు (1923–2009) ‘గురువును మించిన శిష్యుడు’ (1963), ‘జ్వాలాద్వీప రహస్యం’ (1965) లాంటి చిత్రాల్లో చూపిన కత్తిసాము మీద ఇంకా రావలసినంత చర్చ రాలేదు. ఆయన చేతికన్నా కాలు ముందు కదులుతుంది. దెబ్బ తప్పించుకున్న తర్వాతే దెబ్బ వేస్తాడు. అందుకే ప్రత్యర్థి కూడా బలవంతుడే అనిపిస్తుంది. ఇప్పటి పోరాటాల్లో పదిమంది ఒక్క గుద్దుకు గాల్లోకి లేచేటప్పుడు లోపించేది ఆ ప్రత్యర్థి బలమే.

ఈ సినిమాల మాయలన్నీ చాలావరకు కెమెరాలోనే జరిగేవి. మనిషి మాయం కావాలంటే కెమెరా ఆపి, నటుణ్ణి పక్కకు తప్పించి, మిగతా వాళ్లను కదలకుండా నిలబెట్టి మళ్లీ తిప్పుతారు. ఒకే నటుడు రెండు పాత్రల్లో ఎదురెదురుగా నిలబడాలంటే లెన్సులో సగం నల్లగా మూసి ఒక వైపు తీస్తారు. ఫిల్మును అంతే పొడవు వెనక్కి చుట్టి, మూసిన సగం తెరిచి, రెండో వైపు తీస్తారు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా మధ్యలో గీత కనబడుతుంది. పోరాటాల్లో వేగం కోసం సెకనుకు 24 ఫ్రేములకు బదులు 20, 22 ఫ్రేములు తీసి మామూలు వేగంతో ఆడిస్తారు. ఈ పనుల్లో ఆరితేరిన ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్ ‘సీతారామ కల్యాణం’ (1961)తో తెలుగులో పేరు తెచ్చుకుని, తర్వాత హిందీలో దర్శకుడయ్యాడు. డేట్లు ఇవ్వని నటుడి పాత్రను విఠలాచార్య చిలుకగానో మేకగానో మార్చి షూటింగ్ కానిచ్చేవారని పరిశ్రమలో చెప్పుకుంటారు. అది నిజమైనా కాకపోయినా, కొరత లోంచి కథను లాగే ఆయన పద్ధతికి సరిపోయే మాట.

‘జగన్మోహిని’ (1978) ఆ పద్ధతికి పరాకాష్ఠ. నరసింహరాజు, జయమాలిని నటించిన ఈ సినిమాలో దెయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్లు పెట్టి వంట చేస్తుంది. వంటింటి పని చేస్తున్న ఆడమనిషి, మండుతున్న పొయ్యి, పక్కన గిన్నెలు: అంతా రోజూ కనిపించే దృశ్యమే. ఒక్క వస్తువు మాత్రం ఉండవలసిన చోట లేదు. భయానికి ఇంతకన్నా పొదుపైన ఏర్పాటు తెలుగు తెర మీద అరుదు. పెద్ద స్టార్ లేకుండానే ఈ చిత్రం ఘనవిజయం సాధించి తమిళంలోకీ, హిందీలోకీ వెళ్లింది.

కత్తి నుంచి తుపాకికి మారడం 1966లో ‘గూఢచారి 116’తో స్పష్టంగా కనబడింది. ఎం.మల్లికార్జునరావు దర్శకత్వంలో కృష్ణ నటించిన ఈ సినిమాను మరుసటి ఏడే నగాయిచ్ హిందీలో ‘ఫర్జ్’గా తీశాడు. ఈ దారిని విశాలం చేసిన దర్శకుడు కె.ఎస్.ఆర్.దాస్. ‘మోసగాళ్లకు మోసగాడు’ (1971) కోసం ఆయన యూనిట్ రాజస్థాన్ ఎడారికి వెళ్లింది. ఆరుద్ర రచన, వి.ఎస్.ఆర్.స్వామి ఛాయాగ్రహణం. ఇటలీ కౌబాయ్ చిత్రాల ప్రభావం ఇందులో దాచుకోలేదు. అయినా నిధి కోసం వెతుకులాటను మన సంస్థానాల కాలానికి ముడిపెట్టడంలో ఆరుద్ర నేర్పు కనబడుతుంది. ‘ట్రెజర్ హంట్’ పేరుతో ఇంగ్లీషులోకి అనువదించి బయటి దేశాల్లోనూ చూపించారు.

దాస్ చేసిన పనుల్లో దీనికన్నా విలువైనది, దీనికన్నా మరుగున పడ్డది ‘రౌడీ రాణి’ (1970). విజయలలిత ప్రధాన పాత్ర. గుర్రమెక్కి, తుపాకి పట్టి, పగ తీర్చుకునే ఆడపిల్ల కథ. హీరో వచ్చి కాపాడే దాకా ఎదురుచూసే నాయికలే ఎక్కువగా ఉన్న రోజుల్లో ఒక నర్తకిగా ముద్రపడ్డ నటి మీద మొత్తం సినిమా నిలబెట్టడం సాహసం. పంచులు కొన్ని గురి తప్పుతాయి, మేకప్ ఎండకు నిలవదు, పాటలు అడ్డం పడతాయి. అయినా విజయలలిత చూపులో బెదురు లేదు. ఆమె దగ్గరి బంధువు విజయశాంతి ఇరవై ఏళ్ల తర్వాత ‘కర్తవ్యం’ (1990)లో పోలీసు అధికారిగా నటించి జాతీయ ఉత్తమ నటి అయింది. ఆ బాట వేసిన సినిమా పేరు మాత్రం అభిమానులకు తప్ప తెలియదు. తెలుగు యాక్షన్ చరిత్ర రాసేవాళ్లు ముందు సరిదిద్దవలసిన లోపం ఇది.

హిందీ తెలిసిన మిల్లు ఊళ్లకు భయానక చిత్రాలు బొంబాయి నుంచి నేరుగా వచ్చే వీలుండేది. రామ్సే సోదరుల ‘దో గజ్ జమీన్ కే నీచే’ (1972), ‘పురానా మందిర్’ (1984), ‘వీరానా’ (1988) చిన్న కేంద్రాల్ని నమ్ముకుని తీసినవే. అవి భయపెట్టే తీరు ఒక్కటే: పాడుబడ్డ కోట, పొగమంచు, శాపం, అకస్మాత్తుగా పెద్ద చప్పుడు. మొదటిసారి అదిరిపడ్డవాడు రెండోసారి లెక్కపెట్టుకుంటాడు. పోరాటాల వైపు చూస్తే, తమిళం నుంచి ‘కెప్టెన్ ప్రభాకర్’ లాంటి అడవి పోరాటాలు డబ్బింగై వచ్చి మాస్ ప్రేక్షకుణ్ణి పట్టేశాయి.

తెలుగు భయానక చిత్రానికి సొంత నేల పత్రికల సీరియళ్లు ఇచ్చాయి. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చి వారం వారం పాఠకుల్ని పట్టి కూర్చోబెట్టింది. పాపకు వచ్చింది జబ్బా, చేతబడా అన్నది ఆ నవల తేల్చదు. వైద్యం, మంత్రం పక్కపక్కనే నడుస్తాయి. దాని కొనసాగింపైన ‘తులసి’ ఆధారంగా 1986లో ‘కాష్మోరా’ సినిమా వచ్చింది. నవలలోని ఆ ఊగిసలాట తెర మీదికి వచ్చేసరికి మంత్రం వైపే ఒరిగింది. భయం దొరికింది, సందేహం పోయింది. ఈ ధోరణిని ‘క్షుద్ర సాహిత్యం’ అని విమర్శకులు అప్పట్లోనే గట్టిగా ఎండగట్టారు.

‘కాష్మోరా’కు ఏడాది ముందు వంశీ తీసిన ‘అన్వేషణ’ (1985) ఇంకో దారి చూపింది. అడవిలో వరసగా మనుషులు చనిపోతుంటారు. పులి పని అంటారు. పక్షుల కూతల మీద పరిశోధనకు వచ్చిన అమ్మాయి ఆ భయం మధ్యలో పడుతుంది. భానుప్రియ, కార్తీక్ నటన కన్నా ఇళయరాజా నేపథ్య సంగీతం ఇందులో ముఖ్య పాత్ర. చివరికి తేలేది చంపుతున్నది మనిషేనని. అడవి పక్కన బతికే ప్రేక్షకుడికి ఈ కథ ఎంత దగ్గరో చెప్పనక్కర్లేదు. ఆకు కదిలితే పులా, మనిషా అని తేల్చుకోవడం అక్కడ నిత్యావసరం. రాంగోపాల్ వర్మ ‘రాత్రి’ (1992) దెయ్యాన్ని కోటల్లోంచి మామూలు ఇంటికి తెచ్చింది. రేవతి నటన, తేజ కెమెరా, మణిశర్మ నేపథ్య సంగీతం కలిసి నేలమాళిగ మెట్లు, పిల్లికూనతోనే ఒళ్లు గగుర్పొడిచేలా చేశాయి. చివర్లో మాంత్రికుడి తంతు మొదలయ్యాక పట్టు సడలుతుంది. ఆ తంతు మొదలయ్యే దాకా చూస్తే తెలుగులో దీన్ని మించిన భయానక చిత్రం లేదు.

కాగజ్‌నగర్‌కు నేల మీద అందరికన్నా దగ్గరి పోరాట చిత్రం ‘కొమరం భీం’. ఈ ఊరు ఇప్పుడున్న జిల్లా పేరు కూడా ఆయనదే. జోడేఘాట్ కొండల్లో నిజాం పోలీసులతో పోరాడి 1940లో అమరుడైన గోండు వీరుడి కథను అల్లాణి శ్రీధర్ 1990లో తెరకెక్కించాడు. భూపాల్‌రెడ్డి భీం పాత్ర వేశాడు. నంది పురస్కారం అందుకున్న ఆ సినిమా థియేటర్లకు రావడానికి 2010 దాకా ఆగవలసి వచ్చింది. అదే వీరుడి పేరు పెట్టుకున్న పాత్రతో 2022లో ‘ఆర్ఆర్ఆర్’ ప్రపంచమంతా తిరిగింది. కల్పిత భీం పులితో తలపడటం చూసిన కోట్ల మందిలో, భూమి కోసం తలపడ్డ భీం సినిమా చూసినవాళ్లు కొద్దిమందే. ఈ జిల్లా పిల్లలకు ముందు చూపవలసింది రెండోదే.

2014లో మిల్లు మూతపడి, 2018లో జేకే పేపర్ చేతికి వచ్చి తిరిగి నడిచే నాటికి చిన్న సినిమాల దారి మారిపోయింది. రీళ్ల పెట్టెలు పోయి ఉపగ్రహం ద్వారా బొమ్మ దిగడం మొదలైంది. తర్వాత ఫోనే థియేటర్ అయింది. అనిల్ విశ్వనాథ్ తీసిన ‘మా ఊరి పొలిమేర’ 2021లో థియేటర్‌కు రాకుండా నేరుగా ఓటీటీలో వచ్చి, నోటిమాట మీదే ఊళ్లకు చేరింది. రెండో భాగం 2023 నవంబరులో థియేటర్లలో విడుదలైంది. చేతబడి అనుమానం చుట్టూ తిరిగే ఈ కథలో సత్యం రాజేశ్ హాస్యనటుడన్న ముద్రను పూర్తిగా చెరిపేశాడు. అదే ఏడాది పెద్ద విజయం సాధించిన ‘విరూపాక్ష’లో ఊరివాళ్లు క్షుద్రపూజల నెపంతో దంపతుల్ని సజీవంగా కాలుస్తారు. ఆ తర్వాత కథ క్షుద్రశక్తి నిజమేనని చూపిస్తుంది. పనితనం మెచ్చదగ్గది, ఆ తీర్పు మాత్రం మెచ్చదగ్గది కాదు.

ఎందుకంటే ఉత్తర తెలంగాణలో బాణామతి, చేతబడి అన్నవి సినిమా మాటలు మాత్రమే కావు. 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒకే కుటుంబంలో తండ్రినీ ఇద్దరు కొడుకుల్నీ చంపారు. కాగజ్‌నగర్‌కు అవతల నది దాటితే మహారాష్ట్ర. మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దాభోల్కర్ హత్య తర్వాత 2013లో అక్కడ నరబలి, చేతబడి లాంటి అమానుష ఆచారాలకు వ్యతిరేకంగా ప్రత్యేక చట్టం తెచ్చారు. ఈ నేల మీద చూసే భయానక చిత్రాన్ని ఎంత వణికించిందని మాత్రమే కాక, ఆ వణుకుకు కారణంగా ఎవరి వైపు వేలు చూపిందని కూడా అడగాలి. ఆ లెక్కన, నలభై ఏళ్ల తర్వాత కూడా ముందు వరసలో నిలిచేది ‘అన్వేషణ’.