ఎయిర్ కండిషనర్ నుండి నీరు కారడం

ఎయిర్ కండిషనర్ నుండి నీరు కారడం ఇళ్ళలో వాడే ఏ.సి. యంత్రాలలో తరచుగా కనిపించే లోపం. ఏ.సి.లో నీరు పుట్టడం లోపం కాదు. ఆ నీరు గొట్టం గుండా బయటికి పోవలసింది పోయి గదిలోకి రావడమే లోపం.

నీరు ఏర్పడే విధానం

గదిలోని గాలి చల్లని కాయిల్‌ను తాకినపుడు అందులోని నీటి ఆవిరి సాంద్రీకరణం చెంది బొట్లుగా మారుతుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద 70 శాతం సాపేక్ష ఆర్ద్రత గల గాలిని సుమారు 24 డిగ్రీలకు చల్లబరిస్తేనే ఈ మార్పు మొదలవుతుంది. కాయిల్ అంతకంటే చాలా చల్లగా ఉంటుంది. ఒకటిన్నర టన్నుల యంత్రం సామర్థ్యం సుమారు 5.3 కిలోవాట్లు. అందులో నాలుగో వంతు తేమను తీయడానికే వినియోగమైతే గంటకు దాదాపు రెండు లీటర్ల నీరు వస్తుంది. విశాఖపట్నం వంటి తీర ప్రాంతాలలో ఈ నీరు అధికం. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలలలో గాలి పొడిగా ఉంటుంది కనుక, గొట్టం పూడిన సంగతి తొలకరి తరువాత బయటపడడం కద్దు.

కారణాలు

కాయిల్ కింది పళ్ళెంలో (డ్రెయిన్ ట్రే) చేరిన నీరు సన్నని గొట్టం ద్వారా వాలుగా బయటికి పోతుంది. ఈ గొట్టం దుమ్ము, పాచి, పురుగుల వలన పూడుకుపోవడం మిక్కిలి సాధారణ కారణం. గొట్టం మధ్యలో పైకి లేచినా, దాని కొస బకెట్టు నీటిలో మునిగినా పారుదల మందగిస్తుంది. స్ప్లిట్ ఏ.సి. లోపలి యూనిట్ ఒక పక్కకు ఒరిగినా, పళ్ళెం పగిలినా ఇదే ఫలితం. రాగి గొట్టాలపై ఉండే నురుగు తొడుగు చినిగితే గొట్టమే చెమర్చి గోడ తడుస్తుంది.

రెండవ ముఖ్య కారణం కాయిల్‌పై మంచు గడ్డకట్టడం. ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి గాలి తగ్గినపుడు గాని, శీతలీకరణ వాయువు తగ్గినపుడు గాని ఇది జరుగుతుంది. మంచు కరిగినపుడు నీరు ఒక్కసారిగా పళ్ళెం దాటి పొర్లుతుంది. ఫిల్టర్ కడిగితే సరిపోయే చోట గ్యాసు నింపించి డబ్బు వృథా చేసుకునేవారు తక్కువేమీ కాదు. గ్యాసు పెట్రోలు వలె ఖర్చయ్యేది కాదు. అది తగ్గినదంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. ఆ రంధ్రాన్ని పూడ్చకుండా నింపితే కొంతకాలానికి మళ్ళీ తగ్గుతుంది.

లోపాన్ని గుర్తించడం

తేమ ఎక్కువగా ఉన్న రోజున ఏ.సి. నడుస్తూండగా బయటి గొట్టం నుండి చుక్క కూడా పడక గదిలో నీరు కారుతుంటే గొట్టం పూడినదని భావించవచ్చు. ఏ.సి. ఆపిన తరువాత కారడం ఎక్కువైతే మంచును అనుమానించాలి. ముందుగా ఎం.సి.బి. వద్ద విద్యుత్తు ఆపి, ఫిల్టర్లు తీసి కడిగి ఆరబెట్టాలి. పళ్ళెంలో గ్లాసెడు నీరు నెమ్మదిగా పోసి బయట పడుతున్నదేమో చూడాలి. పడకపోతే గొట్టం బయటి కొస నుండి వాక్యూమ్ క్లీనర్‌తో లాగడం మంచిది. లోపలి నుండి గట్టిగా ఊదితే అతుకులు ఊడే ప్రమాదం ఉంది. మంచు ఉంటే యంత్రాన్ని ఆపి దానంతట అదే కరగనివ్వాలి. కత్తితో గీకితే కాయిల్‌కు చిల్లు పడుతుంది. యూనిట్ మట్టంగా ఉన్నదో లేదో తాపీ పనివారి రసమట్టంతో చూడవచ్చు.

కిటికీ ఏ.సి.ని బయటి వైపుకు కొద్దిగా వాలుగా అమర్చాలి. చాలా నమూనాలలో వెనుక పంకా ఈ నీటినే వేడి కాయిల్‌పై చిమ్ముతుంది. ఆ చప్పుడు లోపం కాదు.

జాగ్రత్తలు

కారిన నీరు కింద ఉన్న స్విచ్ బోర్డులోకి చేరితే విద్యుదాఘాతం కలగవచ్చు. అటువంటప్పుడు ఏ.సి. స్విచ్ జోలికి పోక మెయిన్ ఆపివేయాలి. ఆర్-32, ఆర్-290 వాయువులకు మండే గుణం ఉన్నందున గ్యాసు పని శిక్షణ పొందిన మెకానిక్‌కే వదలాలి.

ఏ.సి. నీరు ఇల్లు తుడవడానికి, మొక్కలకు పనికివస్తుంది. అందులో లవణాలు తక్కువే అయినా కాయిల్‌పై దుమ్ము, లోహపు అణువులు కలిసి ఉంటాయి కనుక తాగడానికి గాని, ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్‌కు బదులుగా గాని వాడరాదు.